తోలుబొమ్మ నీడలో ఎంత ఫిజిక్స్ ఉంది? సైన్సు, కళల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. కొన్నేళ్ళుగా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోని స్కూళ్ళకు కొందరు మిత్రులతో కలిసి వెళుతున్నాను. సైన్సు పాఠం చెప్పేటప్పుడు మా పక్కన ఒక కళాకారుడినో, చేతిపని తెలిసినవారినో కూర్చోబెడతాం. పాఠం ఇద్దరూ చెబుతారు. ఎక్కడికి వెళ్ళినా పిల్లలు, తల్లిదండ్రులు, తోటి టీచర్లు, ఒక్కోసారి ఆ కళాకారులే దాదాపు ఒకే రకం ప్రశ్నలు అడుగుతున్నారు. జవాబులన్నీ ఒకచోట ఉంటే పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

సైన్సు వేరు, కళ వేరు కదా. రెంటినీ ఎందుకు కలపడం?

కొత్తగా కలిపేది ఏమీ లేదు. రెండూ మొదలయ్యేది ఒకే పనితో. కళ్ళు పెట్టి చూడాలి, చెవులు పెట్టి వినాలి, చేత్తో చేసి చూడాలి.

1609లో ఇంగ్లండులో థామస్ హారియట్ అనే గణితవేత్త టెలిస్కోపులో చంద్రుణ్ణి చూసి బొమ్మ గీశాడు. కొన్ని నెలల తర్వాత ఇటలీలో గెలీలియో కూడా అదే పని చేశాడు. ముందు చూసింది హారియటే. కానీ ఆయన మొదటి బొమ్మలో వెలుగు, చీకటి కలిసే చోట ఒక గరుకు గీత తప్ప ఇంకేమీ కనిపించదు. గెలీలియోకి ఆ గీతలో కొండలు, గుంటలు కనిపించాయి. ఆయన చిత్రలేఖనం నేర్చుకున్నవాడు. వెలుగు పక్క నుంచి పడితే ఎత్తు మీద ఎలా మెరుస్తుందో, పల్లంలో నీడ ఎలా నిలుస్తుందో ఆయన చేతికి తెలుసు. చీకటి వైపున విడిగా మెరిసే శిఖరాలు ఆ గీతకు ఎంత దూరంలో ఉన్నాయో చూసి, కొండల ఎత్తు కూడా లెక్కకట్టాడు. ఇద్దరి చేతిలోనూ టెలిస్కోపు ఉంది. తేడా చూపులో వచ్చింది, ఆ చూపును చిత్రలేఖనం తయారుచేసింది.

ఇదంతా ఎక్కడో ఇటలీ కథ. మన జిల్లాల్లో అలాంటిది ఏముంది?

చాలా ఉంది. నన్ను ఈ దారిలోకి తెచ్చింది తోలుబొమ్మలాట కాబట్టి ముందు దాని గురించి చెబుతాను. మన రాష్ట్రంలో తోలుబొమ్మలు చేసే ఊళ్ళంటే అనంతపురం వైపు నిమ్మలకుంట, నెల్లూరు జిల్లాలో డి.సి.పల్లి గుర్తుకొస్తాయి.

మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు తీసి, పల్చగా గీకి, ఆరబెడతారు. అది అద్దంలా పూర్తిగా పారదర్శకం కాదు, చెప్పుల తోలులా వెలుగును పూర్తిగా ఆపేదీ కాదు. వడల పొట్లం కాగితం మీద నూనె మరక పడినచోట వెలుగు ఎలా దూరుతుందో చూసే ఉంటారు. కాగితం పోగుల మధ్య ఉన్న గాలి వెలుగును చెల్లాచెదురు చేస్తుంది. నూనె ఆ ఖాళీల్లో నిండితే వెలుగు లోపలి నుంచి దాటిపోతుంది. తోలులోనూ పోగుల మధ్య గాలి ఎంత తగ్గితే వెలుగు అంత బాగా దాటుతుంది. అందుకే తెర మీద మనకు కనిపించేది నల్లటి నీడ కాదు, రంగుల నీడ. హనుమంతుడి నగల కోసం పొడిచిన చిల్లుల్లోంచి తెల్లటి వెలుగు చుక్కలు చుక్కలుగా వస్తుంది.

ఇక దీపం. ఒకసారి మా స్కూల్లో ఆట పెట్టినప్పుడు, మంచి వెలుగు ఉంటుందని నేను ఎల్ఈడీ స్ట్రిప్ కట్టించాను. ఆట మొదలైన రెండు నిమిషాలకే బొమ్మలాట ఆయన ఆపేశారు. బొమ్మకు ప్రాణం పోయిందన్నారు. తెర ముందుకొచ్చి చూస్తే ఆయన చెప్పింది నిజమే. ఒక్కో చేతికి నాలుగైదు చేతుల నీడలు పడుతున్నాయి. స్ట్రిప్‌లో ఉన్న ఒక్కో చిన్న దీపం ఒక్కో నీడ వేస్తోంది. స్ట్రిప్ విప్పేసి ఒక్క బల్బు పెట్టించాం, తర్వాత ఆముదం దీపం కూడా పెట్టి చూశాం.

ఆ మరుసటి రోజు తొమ్మిదో తరగతిలో ఇదే పాఠం అయింది. దీపం వెడల్పును, బొమ్మకీ తెరకీ ఉన్న దూరంతో గుణించి, దీపానికీ బొమ్మకీ ఉన్న దూరంతో భాగిస్తే నీడ అంచు ఎంత మసకబారుతుందో వస్తుంది. మంట 2 సెంటీమీటర్ల వెడల్పు ఉండి, బొమ్మకు మీటరు వెనక ఉందనుకోండి. బొమ్మ తెరకు 5 సెంటీమీటర్ల దూరంలో ఉంటే మసక 1 మిల్లీమీటరే. బొమ్మను తెరకు 50 సెంటీమీటర్ల దూరానికి వెనక్కి లాగితే, దీపానికీ బొమ్మకీ మధ్య 55 సెంటీమీటర్లే మిగిలి, మసక దాదాపు 1.8 సెంటీమీటర్లు అవుతుంది. యుద్ధంలో వీరుణ్ణి తెరకు ఆనించి చూపిస్తారు. రాక్షసుడు మాయమయ్యేటప్పుడు బొమ్మను దీపం వైపు లాగుతారు, అప్పుడు బొమ్మ పెద్దదై, మసకై, కలిసిపోతుంది. ఈ సూత్రం ఆయన ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆయన చెయ్యి ప్రతి రాత్రీ ఆ లెక్క కడుతూనే ఉంది. పిల్లలకు సూత్రం నేను చెప్పాను, దాని అర్థం ఆయన చూపించారు.

అంటే కళాకారులకు సైన్సు ముందే తెలుసా?

ఆ మాట నేను అనను. చేసి తెలుసుకోవడం ఒకటి, కారణం తెలుసుకోవడం ఇంకొకటి. ఎల్ఈడీ స్ట్రిప్ వల్ల బొమ్మ చెడిందని ఆయన పట్టుకున్నారు. ఎందుకు చెడిందో లెక్క చెప్పింది. ఆ లెక్క తెలిశాక, ఒకే చిన్న ఎల్ఈడీని మసక గాజు వెనక పెట్టి వెడల్పు మార్చుకుంటే ఎలా ఉంటుందో ఆయనే పరీక్షించడం మొదలుపెట్టారు. ఇద్దరికీ ఏదో ఒకటి మిగలాలి. లేకపోతే అది కలిసి చేసిన పని కాదు.

సంగీతంలో కూడా పరిశోధన జరిగిందా, లేక గొప్ప కోసం చెబుతారా?

జరిగింది. చేసింది సి.వి.రామన్. నోబెల్ బహుమతి (1930) తెచ్చిన వెలుగు పరిశోధనకు ముందు నుంచే ఆయన వాయిద్యాల మీద చాలా పనిచేశారు. 1920లో ఎస్.కుమార్‌తో కలిసి మన మద్దెల, తబలాల గురించి నేచర్ పత్రికలో రాశారు. 1934లో ఇంకా వివరంగా ఇంకో పత్రం రాశారు. తంబురా, వీణల మీద కూడా ఆయన పని ఉంది.

మామూలు డప్పులాంటి గుండ్రటి తోలును కొడితే ఒకేసారి చాలా స్వరాలు పుడతాయి. వాటి కంపనాల నిష్పత్తి 1, 1.59, 2.14, 2.30 ఇలా చిల్లరగా ఉంటుంది. అందుకే అది చప్పుడుగా వినిపిస్తుంది, శ్రుతిగా నిలవదు. మృదంగం కుడి వైపు మధ్యలో నల్లటి గుండ్రటి పూత ఉంటుంది కదా. ఇనుప చిట్టం వంటి రాతిపొడిని అన్నం ముద్దతో కలిపి, పల్చగా పూసి, రాయితో రుద్ది, ఆరాక మళ్ళీ పూసి, ఇలా ఎన్నో పొరలు వేస్తారు. ఆ బరువు పడిన తర్వాత అదే తోలులో పుట్టే స్వరాలు 1, 2, 3, 4, 5 అనే వరసలోకి వస్తాయి, వీణ తీగలో వచ్చినట్టు. రామన్ తోలు మీద సన్నటి ఇసుక చల్లి, ఎక్కడ కదలిక లేదో అక్కడ ఇసుక గీతలుగా పేరుకోవడం చూసి, తొమ్మిది రకాల కంపనాలు ఐదు స్వరాలుగా సర్దుకుంటాయని చూపించారు.

ఈ పూత కనిపెట్టిన మనిషి పేరు ఎవరికీ తెలియదు. ఎన్ని తరాలు కొట్టి, విని, గీకి, మళ్ళీ పూశారో! నాకు ఇది ప్రయోగశాల పనికి ఏమాత్రం తీసిపోని పనిగా కనిపిస్తుంది. రామన్ కూడా ఆ పనితనాన్ని గౌరవించే రాశారు.

మన ప్రాంతానికి సంగీతంతో ఇంకో బంధం ఉంది. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల. కంభం దగ్గరి కాకర్ల నుంచే ఆయన పూర్వీకులు తమిళదేశానికి వెళ్ళారని చెబుతారు. కంభం వైపు స్కూళ్ళలో ఈ పాఠం చెప్పినప్పుడు నేను అక్కడి నుంచే మొదలుపెడతాను, పిల్లలు వెంటనే నిటారుగా కూర్చుంటారు.

చీమకుర్తి రాయిలో మెరిసేది బంగారమా?

కాదు. ఈ ప్రశ్న ఒంగోలు చుట్టుపక్కల ప్రతి స్కూల్లోనూ వస్తుంది. గెలాక్సీ గ్రానైట్ అని ప్రపంచమంతా కొనే ఈ రాయిని భూగర్భ శాస్త్రవేత్తలు గ్రానైట్ అనరు, గాబ్రో జాతి రాయి అంటారు. నేల లోతున కరిగిన శిల చాలా నెమ్మదిగా చల్లారితే స్ఫటికాలు పెరగడానికి తీరిక దొరుకుతుంది. బంగారు చుక్కల్లా కనిపించేవి బ్రాంజైట్ అనే ఖనిజం. దాని లోపల అతి సన్నటి పలకలు పొరలుగా ఏర్పడి ఉంటాయి, వాటి మీద పడిన వెలుగు తిరిగి వచ్చి మెరుస్తుంది. కొంచెం తల తిప్పితే ఒక చుక్క ఆరిపోతుంది, ఇంకోటి వెలుగుతుంది. పిల్లలకు ఒక పాలిష్ ముక్క ఇచ్చి, నెమ్మదిగా తిప్పుతూ ఏ కోణంలో ఏ చుక్క వెలిగిందో గీయమంటాను. ఆ బొమ్మలే స్ఫటికాలు ఎటు తిరిగి ఉన్నాయో చెప్పే పటం అవుతాయి.

కాకిబంగారంతో రంగులు చేస్తారట, నిజమేనా?

నిజమే. గూడూరు, సైదాపురం వైపు గనుల్లో దొరికే అభ్రకం, మైకా అంటాం కదా, అది పుస్తకంలో కాగితాల్లా పొరలుగా విడిపోతుంది. ఆ రేకుల పొడి మీద టైటానియం డయాక్సైడ్ అతి పల్చగా పూస్తారు. ఆ పూత మందం కొంచెం మారితే చాలు, రంగు మారుతుంది. సబ్బు బుడగ మీద రంగులు తేలడానికీ ఇదే కారణం. కార్ల పెయింటులో, గోళ్ళ రంగులో కనిపించే ముత్యపు మెరుపు ఇలాంటిదే.

నేతకూ కంప్యూటర్‌కూ సంబంధం ఉందని మా అబ్బాయి అంటున్నాడు.

అబ్బాయి సరిగ్గానే చెప్పాడు. 1804 ప్రాంతంలో ఫ్రాన్సులో జకార్డ్ అనే ఆయన చిల్లుల అట్టలతో నడిచే మగ్గం సాధనం చేశాడు. చిల్లు ఉంటే పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. లెక్కల యంత్రం తయారుచేయాలనుకున్న ఛార్లెస్ బాబేజ్ ఆ అట్టల ఆలోచనను తన యంత్రానికి తీసుకున్నాడు. జకార్డ్ రూపచిత్రాన్ని 24,000 అట్టలతో పట్టు మీద నేస్తే, ఆ బట్టను బాబేజ్ సొంతానికి తెచ్చుకుని దాచుకున్నాడు.

పాత నెల్లూరు జిల్లాలోని వెంకటగిరిలో మగ్గం ముందు కూర్చుని జామ్‌దానీ బుటా వేయడం చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. గళ్ళ కాగితం మీద గీసిన నెమలిని, పడుగు పోగులు లెక్కపెట్టుకుంటూ, ఒక్కో వరసా చేత్తో అదనపు పేక వేసి దించుతారు. ఫోన్ తెర మీద బొమ్మ కూడా ఇలాగే గళ్ళు గళ్ళుగానే ఉంటుంది.

రంగుల సంగతికొస్తే పాత ప్రకాశం జిల్లాలోని చీరాల తేలియా రుమాళ్ళను మరిచిపోకూడదు. నూలును నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద నీళ్ళలోనూ రోజుల తరబడి పిసికి, ఆరబెట్టి, మళ్ళీ పిసికేవారు. బూడిదలోని క్షారం నూనెతో కలిస్తే సబ్బులాంటి పదార్థం తయారై పోగు లోపలికి దిగుతుంది. తర్వాత పటిక, ఎర్ర రంగు పడితే అవి పోగును గట్టిగా పట్టుకుంటాయి. ఉతికినా పోని ఆ ఎరుపు వెనక ఉన్నది పూర్తిగా రసాయన శాస్త్రమే.

శ్రీహరికోటకు కళతో ఏం పని?

శ్రీహరికోట 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది గానీ, రాకెట్ పోతుందంటే నెల్లూరులో ఇప్పటికీ మిద్దెల మీదికి ఎక్కుతాం. అక్కడి రాకెట్ కేంద్రానికి ఎవరి పేరు పెట్టారో ఆ సతీశ్ ధవన్ చదువు చూడండి. గణితం, భౌతికశాస్త్రాల్లో డిగ్రీ, ఇంగ్లీషు సాహిత్యంలో ఎంఏ, ఆ తర్వాత మెకానికల్ ఇంజనీరింగ్. 1972 నుంచి 1984 దాకా ఇస్రోను నడిపిన ఆయనకు పులికాట్ సరస్సు పక్షులను గంటల తరబడి చూడడం ఇష్టం. పక్షులు ఎలా ఎగురుతాయో వివరిస్తూ తర్వాత ఒక పుస్తకమే రాశారు. రెక్క వంపు గీయడం తెలియకపోతే దాని మీద గాలి ఎలా జారుతుందో అర్థం చేసుకోవడం కష్టం.

ఇంకో పేరు ఫ్రాంక్ మలీనా. అమెరికాలో రాకెట్ల పరిశోధన చేసిన జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీని మొదలుపెట్టినవారిలో ఒకరు. ఆయన తర్వాత పారిస్ వెళ్ళి వెలుగుతో, కదలికతో బొమ్మలు చేసే కళాకారుడయ్యాడు. 1968లో కళాకారులు, శాస్త్రవేత్తలు ఒకేచోట రాసుకునేలా లియొనార్డో అనే పత్రిక పెట్టాడు. అది ఇప్పటికీ వస్తోంది.

రాకెట్ ప్రయోగాన్ని దగ్గరగా చూడాలనుకుంటే శ్రీహరికోటలో ప్రజల కోసం 2019లో గ్యాలరీ తెరిచారు, ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. వెళ్ళేటప్పుడు పిల్లల చేతికి ఫోన్‌తో పాటు ఒక డ్రాయింగ్ పుస్తకం కూడా ఇవ్వండి.

ఫోన్‌తో ఫోటో తీస్తే సరిపోతుంది కదా. చేత్తో బొమ్మ ఎందుకు గీయాలి?

ఫోటో ఎదురుగా ఉన్న ఒక్క ఆకును చూపిస్తుంది. మంచి బొమ్మ ఆ జాతి ఆకును చూపిస్తుంది. పురుగు తిన్న చిల్లు వదిలేసి, ఈనెల తీరు, కాడ అతికే చోటు, పువ్వును కోసి చూపిన లోపలి భాగం, కాయ, గింజ అన్నీ ఒకే కాగితం మీదికి తెస్తుంది. వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1795 నుంచి వెలువరించిన కోరమాండల్ తీరపు, అంటే మన తూర్పు తీరపు, మొక్కల సంపుటాల్లో 300 రంగుల పటాలున్నాయి. అవి గీసింది మన దేశపు చిత్రకారులే. మొక్కల తెలుగు పేర్లు కూడా ఆయన రాసిపెట్టారు. పేర్లు మిగిలాయి, గీసినవారి పేర్లు మిగల్లేదు. నన్ను బాధపెట్టే విషయం అదే.

మెదడులో నాడీకణాలు విడివిడిగా ఉంటాయని చూపించి 1906లో నోబెల్ అందుకున్న స్పెయిన్ వైద్యుడు రమోన్ ఇ కహాల్ చిన్నప్పుడు చిత్రకారుడు కావాలనుకున్నవాడు. ఆయన గీసిన నాడీకణాల బొమ్మలు ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి.

మా పాప బాగా బొమ్మలు వేస్తుంది. ఎంపీసీలో చేరాక మానిపించాలా? టెన్షన్‌గా ఉంది.

దయచేసి మానిపించవద్దు. నెల్లూరులో ఇంటర్ అంటే ఎంత ఒత్తిడో నాకు తెలుసు, మా ఇంట్లోనూ ఆ రెండేళ్ళు గడిచాయి. వారానికి రెండు గంటలు బొమ్మ వేస్తే ర్యాంకు పోదు. ఆ రెండు గంటలు లేకపోతే మాత్రం పిల్ల ఊపిరాడక అల్లాడుతుంది.

తర్వాతి దారులు కూడా ఉన్నాయి. ఇంటర్లో ఏ గ్రూపు చదివినా యూసీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీల్లో డిజైన్ డిగ్రీలో చేరవచ్చు, హైదరాబాద్ ఐఐటీలోనూ ఆ కోర్సు ఉంది. మన రాష్ట్రంలో జాతీయ డిజైన్ సంస్థ ఎన్ఐడీ ఉంది, కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. పాత చిత్రాలు, విగ్రహాలు పాడవకుండా కాపాడే పనికి కెమిస్ట్రీ తెలిసినవాళ్ళు కావాలి, దానికోసం లక్నోలో ఒక జాతీయ పరిశోధనశాల నడుస్తోంది. వైద్య పుస్తకాల బొమ్మలు, మ్యూజియం ప్రదర్శనలు, యానిమేషన్, వీటన్నింటికీ రెండు చదువులూ కావాలి. అందరికీ వెంటనే ఉద్యోగం వస్తుందని హామీ ఇవ్వలేను. పాప ఇంజనీరే అయినా, చూసింది చూసినట్టు గీయగల ఇంజనీరు అవుతుంది.

సైన్సుతో వివరిస్తే కళలో అందం పోదా?

నాకు పోలేదు. తోలుబొమ్మ నీడ లెక్క తెలిశాక ఆట చూస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

కళాకారుడిని స్కూలుకు పిలిస్తే డబ్బులివ్వాలా? శాలువా సరిపోదా?

ఇవ్వాలి. ముందే మాట్లాడుకుని, వచ్చిన రోజే ఇవ్వాలి. దారి ఖర్చులు వేరుగా ఇవ్వాలి. ఆయన ఆ రోజు వేరే పని మానుకుని వచ్చారు.

ఒక స్కూల్లో సైన్స్ ఫెయిర్‌కి మేం తీసుకెళ్ళిన పెద్దాయనకు వెనక తెర మీద గ్రహాల బొమ్మలు వేసే పని అప్పగించారు. రోజంతా ఎండలో రంగులు వేశారు. సాయంత్రం సభలో ఆయన పేరు చదవలేదు, భోజనం కూడా అందరూ తిన్నాక పెట్టారు. నేను అక్కడే ఉండి గట్టిగా అడగలేకపోయాను. ఆ తప్పు నాది కూడా. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాం. కళాకారుడు సైన్సుకు అలంకరణ చేసే మనిషిగా రారు. పాఠం చెప్పే మనిషిగా, ప్రశ్న అడిగే మనిషిగా వస్తారు. కరపత్రంలో ఆయన పేరు నా పేరు పక్కనే, అదే సైజులో ఉంటుంది.

పరిశోధన చేసే విద్యార్థులకు ఇంకో మాట. ఉదయగిరి చెక్క స్పూన్లు, వెంకటగిరి చీరలు భౌగోళిక గుర్తింపు ఉన్న పనులు. ఆ గుర్తింపు ఆ పని చేసే సమూహం మొత్తానిది. వారి దగ్గర నేర్చుకున్న పద్ధతి మీద పత్రం రాస్తే వారి అనుమతి తీసుకోండి, పేర్లు వేయండి, అచ్చయ్యాక తెలుగులో చదివి వినిపించండి.

ఇంట్లో చేసి చూడగలిగేది ఏదైనా చెప్పండి.

నాలుగైదు కరక్కాయలు దంచి వేడినీళ్ళలో రాత్రంతా నానబెట్టండి. ఆ నీళ్ళలో తెల్ల నూలుగుడ్డ ముంచి ఆరబెట్టండి. వేరే సీసాలో తుప్పుపట్టిన మేకులు, కొంచెం వెనిగర్ వేసి, మూత వదులుగా పెట్టి వారం ఉంచండి. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళు వెనిగర్ బదులు బెల్లపు నీళ్ళు వాడతారు. మేకులు నానిన నీళ్ళలో పుల్ల ముంచి గుడ్డ మీద గీయండి. గోధుమరంగు నీళ్ళు గుడ్డకు తగిలిన చోటల్లా నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం, ఇనుము కలిసి చేసిన నలుపు అది. పిల్లలు చేస్తుంటే పెద్దవాళ్ళు పక్కన ఉండాలి, ఆ నీళ్ళు నోట్లో పడకూడదు.

మృదంగం పాఠం కోసం వెడల్పాటి గిన్నెకు ప్లాస్టిక్ కవరు బిగుతుగా కట్టి, సన్నటి ఉప్పు చల్లి, దగ్గరగా నోరు పెట్టి గట్టిగా ‘ఆ’ అని సాగదీయండి. శ్రుతి మార్చేకొద్దీ ఉప్పు ఎటు పరిగెడుతుందో చూడండి.

మా ఊళ్ళో కళాకారులెవరూ లేరు. ఎవరిని పిలవాలి?

డప్పు కొట్టేవారిని పిలిచి, కొట్టే ముందు మంట దగ్గర ఎందుకు కాస్తారో అడగండి. తోలులో తడి పోతే బిగువు పెరుగుతుంది, శ్రుతి పైకి వెళుతుంది. కుమ్మరి ఉంటే ఆవంలో కుండ ఏ వైపు నల్లబడుతుందో అడగండి.

ఎవరూ లేకపోతే, రోజూ వాకిట్లో ముగ్గు వేసే అమ్మమ్మ ఉంటుంది కదా. 1974లో మద్రాసులో గిఫ్ట్ శిరోమణి, రాణి శిరోమణి, కమలా కృతివాసన్ ముగ్గుల మీద పరిశోధన చేసి, వాటి నియమాలను కంప్యూటర్ శాస్త్రంలోని వ్యాకరణాలుగా, అంటే బొమ్మను అడుగడుగునా కట్టే సూత్రాలుగా రాశారు. మీ తరగతిలో మాత్రం మెలికల ముగ్గుతో మొదలుపెట్టండి. చుక్కలను దీర్ఘచతురస్రంగా పెట్టి, చుక్కల మధ్యగా మెలికలు తిప్పుతూ, అంచు దగ్గర మాత్రమే వెనక్కి మలుపుతూ గీయాలి. 3 వరసల్లో వరసకు 4 చుక్కలు పెడితే చెయ్యి ఎత్తకుండా ఒకే గీతతో ముగ్గు పూర్తవుతుంది. 4 వరసల్లో 6 పెడితే రెండు గీతలు కావాలి. 4కి 4 పెడితే నాలుగు. ఎన్ని గీతలు వస్తాయో అమ్మమ్మను ముందే చెప్పమనండి, తర్వాత పిల్లలను ఆ రెండు అంకెల గ.సా.భా. కట్టమనండి.